జగదీశ్ చంద్ర బోస్

జగదీశ్ చంద్ర బోస్ (నవంబరు 30, 1858 - నవంబరు 23, 1937) సుప్రసిద్ధ భారతీయ శాస్త్రవేత్త. మిల్లీమీటరు రేడియో తరంగాలపై తొలి పరిశోధకులలో అగ్రగణ్యుడు.

జీవితం

ఈయన నేటి బంగ్లాదేశ్‌లో జన్మించాడు. కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడుగా చేరాడు. ఆంగ్లేయులకన్నా తక్కువ జీతం నిర్ణయించినందుకు నిరసనగా మూడేళ్ళు జీతం తీసుకోకుండానే పాఠాలు చెప్పాడు. చివరకు ప్రభుత్వం పూర్తి జీతాన్ని బకాయిలతో సహా చెల్లించింది. 1917లో కలకత్తాలో బోస్ పరిశోధనా సంస్థను స్థాపించాడు. గిరిడీలో మరణించాడు.

తరంగ పరిశోధనలు

హెర్ట్జ్ వాడిన పొడవైన తరంగాలతో వక్రీభవనం వంటి కాంతి ధర్మాలను పరీక్షించడానికి భారీ పరికరాలు కావలసివచ్చేవి. అందుచేత బోస్ 5 మిల్లీమీటర్ల వరకు పొట్టి తరంగాలను, అనగా సుమారు 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గలవాటిని, ఉత్పత్తి చేశాడు. 1895లో కలకత్తా టౌన్ హాలులో తీగలు లేకుండానే గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపాడు. ఈయన స్ఫటిక శోధకానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అయితే దూరప్రాంతాలకు సందేశాలు పంపదలచిన మార్కోనీ వంటివారు పొడవైన తరంగాలను ఎంచుకొన్నారు. బోస్ కూడా మొక్కల స్పందనలపై పరిశోధనకు మళ్ళాడు. దానితో మిల్లీమీటరు తరంగాలు చాలాకాలం మరుగునపడ్డాయి.

వైఫై ప్రమాణాలలో

1999 నాటి 802.11బి ప్రమాణం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో (తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెం.మీ.) సెకనుకు గరిష్ఠంగా 11 మెగాబిట్లు పంపగలదు. అదే ఏటి 802.11ఎ ప్రమాణం 5 గిగాహెర్ట్జ్ పట్టీలో (సుమారు 6 సెం.మీ.) 54 మెగాబిట్లు పంపగలదు. 2012 నాటి 802.11ఎడి ప్రమాణం 60 గిగాహెర్ట్జ్ పట్టీలో దాదాపు 7 గిగాబిట్ల వేగాన్ని అందుకొంది. కానీ ఈ తరంగాలను గోడలు అడ్డుకొంటాయి, గాలిలోని ఆక్సిజన్ శోషిస్తుంది. కనుక వీటి పరిధి సాధారణంగా ఒక గదికే పరిమితం. దూరానికి పనికిరావని నాడు పక్కనపెట్టిన తరంగాలే నేడు దగ్గరి దూరాలలో అత్యధిక వేగానికి ఆధారమయ్యాయి.