ఆటస్థలములో పరిచర్య చేసిన డాక్టర్ జేమ్స్ నైస్మిత్

శతవార్షికోత్సవ సంచిక అనగానే మిషనరీల చరిత్రలు, దేవాలయముల చరిత్రలు చదువుతామని ఎదురుచూస్తాము. వాటి మధ్య ఒక ఆటను కనిపెట్టిన మనిషి జీవితము ఎందుకని పెద్దలలో కొందరికి అనిపించవచ్చు. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘములలో ఏ పాస్టరుగారిని అడిగినా, ఏ తల్లిని అడిగినా ఒక చింత ఉన్నది. ఆదివారము ఆరాధనకు వచ్చిన పిల్లవాడు మిగిలిన ఆరు రోజుల సాయంకాలములు ఎక్కడ గడుపుతున్నాడు? ఎవరి సహవాసములో పెరుగుతున్నాడు? ఈ చింతకు నూరేండ్లకు పైబడిన కాలము క్రిందట ఒక దైవజనుడు తన జీవితముతోనే జవాబు చెప్పాడు. అందువలన ఆయన చరిత్రను, ఆయన కనిపెట్టిన బాస్కెట్‌బాల్ ఆటలోని మొదటి పాఠములను కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

జేమ్స్ నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రములో ఆల్మాంట్ అను ఊరి దగ్గర జన్మించారు. వారిది స్కాట్లండు మూలముగల కుటుంబము. 1870లో టైఫాయిడ్ జ్వరము సోకి తండ్రి, తల్లి ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. తొమ్మిదేండ్ల బాలుడు అనాథ అయినాడు. బంధువులు చేరదీశారు. మేనమామ పీటర్ యంగ్ క్రమశిక్షణలో ఆయన పెరిగారు. పదిహేనేండ్ల వయసులో బడి మానివేసి అడవిలో కలప కొట్టే పనికి పోయారు. కొన్నేండ్లకు బుద్ధి తెచ్చుకొని మరల బడిలో చేరి, తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండి చదువు ముగించారు. 1883లో మాంట్రియల్ నగరములోని మెగిల్ విశ్వవిద్యాలయములో ప్రవేశించారు.

పల్లెలో ఉన్నప్పుడు ఆయన ఆడిన ఆట ఒకటి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఒక పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరము నుండి మరొక రాయి విసిరి దానిని పడగొట్టాలి. మన ఏడుపెంకులాటకు చుట్టమనదగిన ఆట. గట్టిగా సూటిగా విసిరితే గురి తప్పిన రాయి దూరముగా పోయి, దానిని తెచ్చుకొనేలోగా ఆటగాడు దొరికిపోతాడు. మెల్లగా, పైకి ఎత్తి విసిరినవాడికే లాభము. ఈ చిన్న సంగతి ఆయన మనస్సులో ఇరువది ఏండ్లు నిలిచి ఉన్నది.

మెగిల్‌లో పట్టము పొందిన తరువాత పాస్టరు కావలెనని మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య అభ్యసించి 1890లో ముగించారు. చదువుకొనే రోజులలోనే ఫుట్‌బాల్, లక్రాస్, కసరత్తులలో ఆయన దిట్ట. ఆ కాలములో భక్తిపరులు చాలమంది ఆటలను లోకసంబంధమైనవని తలచేవారు. వేదాంత విద్యార్థి మైదానములో దెబ్బలు తినడము వారికి నచ్చలేదు. అయితే ఆటలో నోరు జారిన తోటి ఆటగాడొకడు ఈయన పక్కన ఉన్న సంగతి గుర్తించి సిగ్గుపడి క్షమాపణ చెప్పుకొన్నాడు. ప్రసంగము లేకుండానే ఒక మనిషి ఉనికి ఇంకొక మనిషిని సరిదిద్దగలదని నైస్మిత్ అప్పుడు గ్రహించారు. సంఘ పరిచర్యను వదలి వ్యాయామ విద్య వైపు తిరగడము సోదరి ఆనీకి బాధ కలిగించింది. ఆయన మాత్రము తాను పరిచర్యను వదలుతున్నానని అనుకొనలేదు, స్థలము మార్చుతున్నానని అనుకొన్నారు. 1890లోనే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్ళారు. మరుసటి సంవత్సరము అక్కడే ఉపాధ్యాయులైనారు.

1891 చలికాలములో మంచు వలన బయట ఆటలు ఆగిపోయినవి. లోపలి హాలులో చేయించే కసరత్తు విద్యార్థులకు విసుగు పుట్టించింది. పదునెనిమిది మంది ఉన్న ఒక తరగతి ఇద్దరు ఉపాధ్యాయులకు లొంగలేదు. శాఖాధిపతి డాక్టర్ లూథర్ గులిక్ ఆ తరగతిని నైస్మిత్‌కు అప్పగించి, రెండు వారములలో క్రొత్త ఆట తయారు చేయమన్నారు. ఆయన ఫుట్‌బాల్‌ను, లక్రాస్‌ను హాలులో ఆడించి చూశారు. కాళ్ళు, చేతులు, కిటికీలు దెబ్బతినే పరిస్థితి వచ్చింది.

అప్పుడు ఆయన ఆలోచించిన తీరు గమనింపదగినది. ఆటలో దెబ్బలు ఎందుకు తగులుతున్నవి? బంతి పట్టుకొని పరుగెత్తేవానిని ఆపవలెనంటే పడగొట్టక తప్పదు. కాబట్టి బంతితో పరుగెత్తరాదు. పరుగు లేకపోతే పడగొట్టే పని లేదు. ఇక గోలు నిలువుగా నేల మీద ఉంటే బలముగా కొట్టవలెననిపిస్తుంది. అదే తలపైన, నోరు పైకి ఉండేలా పెడితే బలము పనికిరాదు, నేర్పు కావలెను. బండ మీది రాయి ఆట ఇక్కడ అక్కరకు వచ్చింది. పొరుగువానిని తోయకుండా, కొట్టకుండా గెలువవలసిన ఆట ఆ విధముగా పుట్టింది. పొరుగువాని ఎడల ఎట్లు ఉండవలెనో నేర్చిన వేదాంత విద్యార్థి చేసిన నియమములివి.

పాఠశాల కాపలాదారుని పెట్టెలు అడిగితే లేవని చెప్పి, పీచు పండ్ల బుట్టలు రెండు తెచ్చి ఇచ్చాడు. వాటిని పది అడుగుల ఎత్తున బాల్కనీ అంచుకు మేకులతో కొట్టారు. పదమూడు నియమములు టైపు చేయించి గోడకు అంటించారు. 1891 డిసెంబరు 21న, ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది మంది చొప్పున, ఫుట్‌బాల్ బంతితో మొదటి ఆట జరిగింది. మొత్తము మీద పడినది ఒక్క గోలే. బుట్టలకు అడుగు ఉండటము వలన బంతి పడినప్పుడెల్లా ఎవరో ఎక్కి తీయవలసి వచ్చేది. అడుగు తీసివేయడము తరువాత వచ్చిన మార్పు. బాల్కనీలోని ప్రేక్షకులు బంతికి అడ్డుపడుతున్నారని బుట్ట వెనుక పలక పెట్టారు. ఆటకు నైస్మిత్ పేరే పెడదామని ఒక విద్యార్థి అంటే ఆయన నవ్వి త్రోసివేశారు. బుట్ట, బంతి అన్న రెండు మాటలే పేరుగా స్థిరపడినవి.

ఆ మొదటి ఆటలో ఒక పక్షమునకు నాయకుడైన డంకన్ పాటన్ 1894లో వై.ఎం.సి.ఎ. పని మీద మన దేశమునకు ఈ ఆటను తెచ్చారు. తరువాత హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అక్కడ చదివిన డ్రిల్లు మాస్టర్ల ద్వారా ఈ ఆట దక్షిణాది బడులకు చేరింది.

ఇక నేర్చుకొనేవారికి మొదటి పాఠములు. నేడు ఒక్కొక్క పక్షమునకు ఐదుగురు ఆడుతారు. అంతర్జాతీయ కొలతల ప్రకారము కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రింగు ఎత్తు మాత్రము నైస్మిత్ నాటి పది అడుగులే, అనగా 3.05 మీటర్లు. బంతిని చేత పట్టుకొని నడువరాదు. నేలకు కొట్టుకుంటూ పోవలెను. దీనిని డ్రిబ్లింగ్ అంటారు. అరచేతితో చరచరాదు, వ్రేళ్ళ కొసలతో నొక్కవలెను. చూపు బంతి మీద కాదు, తోటివారి మీద ఉండవలెను. ఒకసారి ఆపి రెండు చేతులతో పట్టుకొన్న తరువాత మరల డ్రిబుల్ చేయరాదు. అందించవలెను, లేదా బుట్టకు వేయవలెను. బంతి పట్టి నిలిచినవాడు ఒక పాదము కదలకుండా ఉంచి, రెండవ పాదముతో ఎటైనా తిరుగవచ్చును. అందించడములో రెండు తీరులు ముందుగా నేర్వవలెను. ఒకటి, రొమ్ము ఎత్తు నుండి రెండు చేతులతో నేరుగా పంపడము. రెండవది, అడ్డము ఉన్నవాని చేతుల క్రింద నుండి నేలకు ఒకసారి కొట్టి పంపడము. బుట్టకు వేసేటప్పుడు మోకాళ్ళు కొంచెము వంచి, మోచేయి బంతి క్రింద ఉంచి, చివరికి మణికట్టు ముందుకు వంగేలా వదలవలెను. బంతి వంపుగా పైకి పోయి దిగవలెను. మామూలు బుట్టకు రెండు పాయింట్లు, 6.75 మీటర్ల గీత అవతలి నుండి వేస్తే మూడు, ఫౌలుకు దొరికిన ఫ్రీ త్రోకు ఒకటి. ఐదు ఫౌలులు చేసినవాడు ఆట వదలి కూర్చుండవలెను.

నైస్మిత్ తరువాతి జీవితము పేరు కొరకు ప్రాకులాడినది కాదు. 1894లో మాడ్ షెర్మన్ అను యువతిని వివాహమాడారు. ఈ ఆట ఆడిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. డెన్వరులో వై.ఎం.సి.ఎ. పని చేస్తూ వైద్యము చదివి 1898లో డాక్టరు పట్టము పొందారు. అదే సంవత్సరము కాన్సాస్ విశ్వవిద్యాలయములో ప్రార్థనాలయ బాధ్యత, వ్యాయామ విద్య రెండూ స్వీకరించారు. అక్కడ శిక్షకుడుగా ఆయన జట్టు గెలిచినవి 55, ఓడినవి 60. ఆట కనిపెట్టినవాడే గెలిచిన వాటికంటె ఎక్కువ ఓడినాడని లోకము నవ్వినా ఆయనకు చింత లేదు. గెలుపు కంటె పిల్లవాని నడవడి ముఖ్యమన్నది ఆయన ఎంచుకొన్న మార్గము. 1916లో పాస్టరుగా అభిషేకము పొందారు. మొదటి ప్రపంచ యుద్ధకాలములో ఫ్రాన్సులో సైనికుల మధ్య వై.ఎం.సి.ఎ. పరిచర్య చేశారు. నల్లజాతివాడన్న కారణముచేత విశ్వవిద్యాలయపు జట్టులో చోటు దొరకని జాన్ మెక్‌లెండన్ అను విద్యార్థికి ఆయన అండగా నిలిచారు. ఆ విద్యార్థి తరువాత ప్రసిద్ధ శిక్షకుడైనాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ చేరినప్పుడు శిక్షకుల సంఘమువారు చందాలు పోగు చేసి ఈ వృద్ధుని పంపించారు. ఆట మొదలుపెట్టే బంతిని ఆయనే పైకి ఎగురవేశారు. 1939 నవంబరు 28న కాన్సాస్‌లోని లారెన్స్ పట్టణములో కన్నుమూశారు. ఈ ఆట వలన ఆయన ధనవంతుడు కాలేదు.

మన ప్రాంతములో గల్ఫు దేశములకు పోయిన తండ్రులు ఉన్నారు. మరమగ్గముల దగ్గర, బీడీల దగ్గర ప్రొద్దు గ్రుంకేవరకు కష్టపడే తల్లిదండ్రులు ఉన్నారు. వారి పిల్లలకు మేనమామ పీటర్ యంగ్ వలె అండగా నిలువవలసినది సంఘమే. పూర్తి కోర్టు లేకపోయినా నష్టము లేదు. ఒక్క రింగుతో సగము కోర్టులో ముగ్గురేసి ఆడే పద్ధతి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కూడ చేరినది. దేవాలయ ఆవరణలో ఒక మూల ఒక స్తంభము, ఒక రింగు, ఒక బంతి, సాయంకాలము గంటసేపు వారితో నిలువగల ఒక పెద్దమనిషి ఉంటే చాలును. ఆడపిల్లలకు కూడ ఆ గంటలో సమాన భాగము ఉండవలెను. ఖర్చు గురించి కమిటీలలో చర్చ జరుగును, జరుగవలెను కూడ. స్తంభమునకు, రింగునకు దాతలు దొరుకుతారు. ఆ గంటసేపు నిలిచే పెద్దమనిషి మాత్రము మనలో నుండియే రావలెను.