డౌన్ గ్రామపు గృహస్థు

చార్లెస్ డార్విన్ పేరు వినగానే మన కన్నుల ముందు రెండు రూపాలు నిలుస్తాయి. బీగిల్ ఓడ మీద భూగోళమంతా చుట్టివచ్చిన యువకుని రూపం ఒకటి. జీవుల పుట్టుకను గురించి లోకంలో నాటుకొన్న నమ్మకాలను కదలించి, మతాచార్యుల ఆగ్రహానికి గురియైన తెల్లగడ్డపు వృద్ధుని రూపం మరొకటి. ఈ రెంటికీ నడుమ సుదీర్ఘమైన గృహస్థ జీవితం ఒకటి ఉన్నదనే సంగతి మనం అంతగా తలచుకోము. దాదాపు నలుబది సంవత్సరాలు ఆయన ఒక పల్లెటూరిలో, ఒకే ఇంటిలో, తోటనూ భార్యాబిడ్డలనూ కనిపెట్టుకొని ఉన్నాడు. ఓడ దిగిన తరువాత బ్రిటిషు దీవిని విడిచి మరి ఏనాడూ పోలేదు.

1839 జనవరిలో ఆయన తన మేనమామ కుమార్తె ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడినాడు. మేనరికం మనకు వింత కాదు. ఆ కుటుంబాలలోనూ వింత కాలేదు. కాని ఆ సంబంధమే తరువాతి కాలంలో ఆయన మనస్సులో ముల్లై నాటుకొన్నది. ఆ సంగతి ముందు చెబుతాను. కాపురం మొదట లండనులో పెట్టినారు. ఆ పొగ, ఆ రణగొణధ్వని, ఆ సభలు, విందులు ఆయన ఒంటికి సరిపడలేదు. వాంతులు, గుండెదడ, నీరసం. ఏ వైద్యుడూ పేరు పెట్టలేని వ్యాధి అది. 1842 సెప్టెంబరులో, లండనుకు పదహారు మైళ్ళ దూరాన కెంట్ సీమలో ఉన్న డౌన్ గ్రామానికి తరలిపోయినారు. ఇల్లు, దానితో పద్దెనిమిది ఎకరాల నేల, రమారమి 2200 పౌన్లు. సొమ్ము తండ్రిగారిది.

నిరాడంబర జీవితమని మెచ్చుకొనేటప్పుడు ఈ చివరి మాట మరువరాదు. డార్విన్ కూటికోసం కొలువు చేసినవాడు కాడు. పెద్దలిచ్చిన ఆస్తి ఉన్నది. వంటవారు, దాదులు, తోటమాలులు ఉన్నారు. అయినా అంతటి ఆస్తిపరులు ఆ కాలంలో ఎట్టి వైభవంతో బ్రతికినారో ఎరిగినవారికి, ఈయన కోరుకొన్నది ఎంత స్వల్పమో బోధపడుతుంది.

ప్రొద్దుటే ఒకమారు నడక. ఫలహారం కాగానే గంటన్నర పని. ఆపైన సోఫా మీద మేను వాల్చితే ఎమ్మా ఉత్తరాలో, నవలో చదివి వినిపించేది. విషాదాంతమైన నవల ఆయనకు గిట్టదు. మరల మధ్యాహ్నం దాకా పని. తరువాత కుక్కను వెంటబెట్టుకొని ఇసుకబాటకు పోయేవాడు. 1846లో పొరుగువారి వద్ద కౌలుకు తీసికొన్న సన్నని నేలపట్టెలో చెట్లు నాటించి, దాని చుట్టూ వేయించిన కాలిబాట అది. ఎన్ని చుట్లు తిరగదలచితే అన్ని చెకుముకి రాళ్ళను మలుపువద్ద పేర్చుకొని, చుట్టు పూర్తియైనప్పుడల్లా ఒక రాతిని కాలితో తన్నేవాడు. ఇక లెక్కకోసం ఆలోచన తెగనక్కర లేదు. రాత్రి భార్యతో బాక్‌గామన్ అనే పాచికలాట, రెండేసి ఆటలు. గెలుపోటముల పద్దు కూడ ఉంచినాడు: 1876 నాటికి తాను గెలిచినవి 2795, ఆమె గెలిచినవి 2490.

ఈ దంపతులకు పదిమంది బిడ్డలు పుట్టినారు. తండ్రి పనిచేసుకొనే గది తలుపు తట్టడానికి కూడ పిల్లలు భయపడవలసిన కాలం అది. ఇక్కడ కత్తెర కావలెనని ఒకరు, దారపుముక్క కావలెనని ఒకరు లోనికి వచ్చి పోతూనే ఉండేవారు. మేడమెట్ల మీద వాలుగా నిలిపి జారడానికి ఒక చెక్కబల్ల చేయించి ఇచ్చినారు. ‘జాతుల ఆవిర్భావం’ వ్రాతప్రతిలో నేటికి మిగిలినవి కొద్ది పుటలే. వాటిలో కొన్నింటి వెనుకవైపున పిల్లలు రంగుల బొమ్మలు వేసుకొన్నారు. ఆ బొమ్మల పుణ్యాన ఆ కాగితాలు దక్కినవి.

పిల్లలు ఆయనకు సహాయకులు కూడ. తుమ్మెదలు తోటలో ఏ దారిన ఎగిరి, ఏ చోట క్షణం ఆగి ఝుంకారం చేస్తున్నవో తెలుసుకొనడానికి ఐదారుగురు బిడ్డలను తలొక పొదవద్ద నిలిపేవాడు. తుమ్మెద రాగానే కేక వేయడం వారి వంతు. గుర్తు తప్పకుండా వాటి మీద పిండి చల్లినారు. ఇది ఆటయా, శాస్త్రమా అని అడిగితే ఆ ఇంటిలో ఎవరూ జవాబు చెప్పలేకపోయేవారు.

1857లో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేలను శుభ్రం చేయించి, మొలిచిన ప్రతి కలుపుమొక్కకూ గుర్తు పెట్టి లెక్కించినాడు. మొలకలు 357; అందులో 295 నశించినవి, ఎక్కువభాగం నత్తలకు, పురుగులకు ఆహారమై. ఒక కుంట అంచున మూడు చెంచాల బురద తెచ్చి, ఆరు నెలలు తన గదిలో ఉంచి, మొలిచిన మొక్కను మొలిచినట్లు పెరికి లెక్కపెట్టినాడు: 537. సముద్రాలు దాటి మొక్కలు ఎట్లు వ్యాపించినవో తేల్చడానికి 87 రకాల విత్తనాలను ఉప్పునీట నానవేసినాడు. 28 దినాల తరువాత కూడ 64 రకాలు మొలిచినవి. ప్రకృతిలోని జీవన్మరణ పోరాటాన్ని గురించి 1859లో ఆయన ప్రకటించిన గ్రంథానికి ఇట్టి పెరటి లెక్కలెన్నో ఆధారాలు.

ఆ పోరాటం మొలకలకు పరిమితమై ఉండలేదు. డౌన్‌కు వచ్చిన మాసంలోనే పుట్టిన ఆడశిశువు మూడు వారాలకే పోయింది. 1851లో పదేండ్ల కూతురు ఆనీ జబ్బు పడింది. జలచికిత్సకై ఆమెను మాల్వెర్న్‌కు తీసికొనిపోయినారు. ఎమ్మా నిండు చూలాలు, కదలలేదు. తండ్రి ఒక్కడే మంచం ప్రక్కన కూర్చుండి, దినదినమూ భార్యకు ఉత్తరాలు వ్రాస్తూ వచ్చినాడు. ఏప్రిల్ 23న బిడ్డ కన్నుమూసింది. వారం దినాలకు ఆమె రూపం, నవ్వు, నడక మరపున పడకుండా కొన్ని పుటలు వ్రాసి దాచుకొన్నాడు. ఆ పిల్ల వ్రాతపెట్టెను తల్లి కడదాకా భద్రపరచింది. 1858 జూన్‌లో, తన సిద్ధాంతాన్నే స్వతంత్రంగా కనుగొన్న వాలెస్ వద్దనుండి లేఖ వచ్చిన పదిదినాలకు, ఏడాదిన్నర పసివాడు జ్వరంతో పోయినాడు. జులై 1న ఇరువురి వ్యాసాలూ లండను పండితసభలో చదివినప్పుడు డార్విన్ అక్కడ లేడు.

మిగిలిన పిల్లలలోనూ కొందరు తరచు జబ్బుపడేవారు. తన రోగం వారికి సంక్రమించినదా, మేనరికం వల్లనే ఈ బలహీనతయా అనే శంక ఆయనను విడువలేదు. శంకకు సమాధానం వెదికినది కూడ తోటలోనే. పదకొండు సంవత్సరాల పాటు మొక్కలకు పురుగులు సోకకుండా వలలు కప్పి, కొన్ని పూలకు వాటి పుప్పొడినే, కొన్నింటికి వేరు మొక్కల పుప్పొడిని తన చేతితో అద్ది, పుట్టిన సంతతిని ప్రక్కప్రక్కన పెంచి కొలిచినాడు. మన కాశీరత్నానికి దగ్గరి చుట్టమైన ఒక తీగను పదితరాలు పరీక్షించినాడు. పరసంపర్కం వల్ల పుట్టినవి నూరంగుళాలు పెరిగితే, స్వసంపర్కం వల్ల పుట్టినవి 77. ఆ అంకెలు వ్రాసుకొనేటప్పుడు ఆయన మనస్సులో మెదలినవి తీగలు మాత్రమేనని నేను నమ్మలేను. 1871 జనాభా లెక్కలలో దగ్గరి బంధువుల వివాహాలను గురించి ఒక ప్రశ్న చేర్పించవలెనని, పొరుగింటి మిత్రుడు లబ్బక్ ద్వారా పార్లమెంటులో ప్రయత్నించినాడు. సభ్యులు ఒప్పుకొనలేదు. 1875లో కుమారుడు జార్జ్ తానే లెక్కలు సేకరించి, హాని అనుకొన్నంత లేదని తేల్చినాడు. ఆనీ మరణానికి కారణం క్షయ కావచ్చునని తరువాతివారి ఊహ. అయినా, దగ్గరి సంబంధాలలో కొన్ని వంశవ్యాధుల ప్రమాదం హెచ్చునని నేటి వైద్యులు మనకు చెబుతూనే ఉన్నారు.

వృద్ధాప్యంలో ఆయన ప్రీతి వానపాముల మీద నిలిచింది. వాటిని కుండీలలో పెట్టి తన గదిలో ఉంచుకొన్నాడు. అవి చెవిటివో కావో తెలియడానికి కుమారుడు ఫ్రాన్సిస్ సన్నాయి వంటి పెద్ద వాద్యమొకటి ఊదినాడు, పియానో వాయించినారు. పాములు చలించలేదు. కుండీలను పియానో మీదనే ఉంచి మెట్టు నొక్కితే మాత్రం, ఆ అదురుకు చటుక్కున కలుగులలో దూరినవి. 1842 డిసెంబరులో, అంటే తొలి బిడ్డను అక్కడ పోగొట్టుకొన్న కొలది వారాలకే, ఇంటి సమీపపు పొలం మీద సుద్దముక్కలు పరపించినాడు. 1871 నవంబరులో అక్కడ కందకం త్రవ్వించి చూస్తే ఆ తెల్లని చార ఏడంగుళాల లోతున కనిపించింది. వానపాములు పైకి తెచ్చిన మట్టి దానిని కప్పివేసినది. ఒక ప్రయోగానికి ఇరువది తొమ్మిదేండ్లు వేచి ఉండగలగడం, ఒకే ఇంటిని అంటిపెట్టుకొని ఉన్నవానికే సాధ్యం. ఆ పుస్తకం 1881 అక్టోబరులో వెలువడి విరివిగా అమ్ముడుపోయినది.

1882 ఏప్రిల్ 19న డార్విన్ ఆ ఇంటిలోనే మరణించినాడు. గ్రామపు చర్చి ఆవరణలో, తన వారి సరసన మట్టిలో కలియవలెనని ఆయన కోరిక. మిత్రులు, పార్లమెంటు సభ్యులు కలుగజేసికొని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, న్యూటన్ సమాధికి చేరువను ఖననం చేయించినారు. ఎమ్మా మరి పద్నాలుగేండ్లు జీవించి 1896లో పోయినది. ఆమె సమాధి డౌన్ గ్రామంలోనే ఉన్నది.