ఒకే బల్ల, రెండు వాడలు: బిషప్ అజరయ్య జీవితం

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ముప్పై అయిదేళ్ల భారతీయ గురువు ఒకరు శ్వేతజాతి మిషనరీల ముఖం మీదే ఒక లోటును ఎత్తిచూపారు. వారు మన దేశం కోసం ధనమిచ్చారు, ప్రాణాలు సైతం ఇచ్చారు; కానీ తమతో పనిచేసే భారతీయులను సమానులుగా చేరదీసి స్నేహం మాత్రం ఇవ్వలేకపోయారన్నది ఆయన మాటల సారాంశం. సభలో కలవరం రేగింది. ఆ వక్త వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై గ్రామంలో, నాడార్ కుటుంబంలో జన్మించారు. తాటిచెట్లెక్కి బతికిన ఆ కులానికి నాడు గుడి తలుపులు మూసివుండేవి. తండ్రి క్రైస్తవం స్వీకరించి సంఘ గురువయ్యారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన అజరయ్య వై.ఎం.సి.ఏ.లో పనిచేస్తూ దక్షిణాదంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు విదేశీ సొమ్ముపై ఆధారపడని స్వదేశీ సువార్త సంఘాన్ని స్థాపించడానికి ఆయనే చొరవ తీసుకున్నారు. ఆ సంఘం ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయన స్వయంగా అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల మనిషయ్యారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. నల్లజాతి బిషప్ కింద తెల్లవారు పనిచేయడమేమిటన్న గొణుగుడు మిషనరీలలోనే వినిపించింది.

అయితే అసలు పరీక్ష డోర్నకల్ పల్లెల్లో ఎదురైంది. ఆయన సంఘంలోకి వచ్చినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఊరు ఉభయులనూ వెలివేసింది. కానీ వారి మధ్య కంచం పొత్తు గానీ, మంచం పొత్తు గానీ లేవు. మాదిగలు చేరిన చోట మాలలు వెనుకంజ వేసిన సందర్భాలున్నాయి. ఈ విషయంలో అజరయ్య రాజీపడలేదు. ఆరాధనలో ఒకే చాప, ప్రభువు బల్ల వద్ద ఒకే పాత్ర, వసతి పాఠశాలలో ఒకే పంక్తి ఉండాలని పట్టుబట్టారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ తెలుగు స్త్రీల మధ్య విద్యాసేవకు జీవితాన్ని ధారపోశారు. దళితులలో వచ్చిన మార్పును చూసి కొందరు శూద్ర కులస్థులు కూడా ఆ సంఘం వైపు మొగ్గారు.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ మహాదేవాలయం ఈ ఆలోచనకు రాతి రూపం. అందులో మసీదు గుమ్మటాలూ, హిందూ దేవాలయ స్తంభాలూ పక్కపక్కనే నిలుస్తాయి.

రాజకీయాల్లోనూ ఆయనది అదే సూత్రం. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను ఆయన వ్యతిరేకించారు. సంఘం మరో కులంగా గడ్డకట్టుకుపోతుందని ఆయన భయం. మరోవైపు, దళితుల సామూహిక మతాంతరీకరణను తప్పుపట్టిన గాంధీజీతోనూ ఆయన విభేదించారు. దళితుడికి తన విశ్వాసాన్ని తానే ఎంచుకునే వివేకం ఉందన్నదే ఆ విభేదంలోని కీలకం.

1919లో తరంగంబాడిలో సమావేశమైన గురువులు వేర్వేరు మిషన్ల సంఘాలను ఏకం చేయాలని నిర్ణయించారు. ఆ ప్రయత్నానికి సారథులలో అజరయ్య ఒకరు. ఫలితాన్ని ఆయన చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం అవతరించింది.

ఆయన కృషికి పరిమితులు లేకపోలేదు. చదువుకూ, మద్యపాన విసర్జనకూ, క్రమశిక్షణకూ దక్కిన ప్రాధాన్యం పాలేరు భూమి సమస్యకు దక్కలేదు. అంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటుంది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ భేదాలు యూరప్‌లో పుట్టినవి. ముప్పై ఏళ్ల చర్చలతో వాటిని దాటగలిగాం. కులం మన ఇంట్లో పుట్టింది. అది బల్ల వద్ద మౌనం వహించి, పెళ్లి సంబంధాల వద్దా, సంఘ ఎన్నికల వద్దా, కొన్ని చోట్ల శ్మశానం వద్దా నోరు విప్పుతోంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుడికి షెడ్యూల్డు కుల హోదాను నిరాకరిస్తోంది. మతం మారితే కులం పోతుందన్నది ఆ నిరాకరణ వెనుక ఉన్న ఊహ. అది అబద్ధమని మనం రాజ్యంతో వాదిస్తున్నాం, వాదించాలి కూడా. అయితే ఆ వాదనకు సాక్ష్యం మన సంఘాల లోపలే దొరుకుతుండటం మనల్ని సిగ్గుపరచాలి. ఎడిన్‌బరోలో అజరయ్య తెల్లవారిని అడిగిన స్నేహాన్ని, ఈరోజు మాలవాడ, మాదిగవాడ ఒకదానినొకటి అడగవలసి ఉంది.