జార్జి డి హెవెసీ

జార్జి డి హెవెసీ (ఆగష్టు 1, 1885 - జూలై 5, 1966) హంగేరీకి చెందిన రసాయన శాస్త్రవేత్త. రేడియోధార్మిక పరమాణువులను జాడ తెలిపే గుర్తులుగా వాడి, జీవుల శరీరంలో మూలకాల కదలికను కనిపెట్టే పద్ధతికి ఆద్యుడు. ఇందుకు గాను ఆయనకు 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మనుషులకు, పందెపు గుర్రాలకు నేడు చేసే ఎముకల స్కాన్‌కు మూలం ఈయన పరిశోధనలే.

జీవితం

హెవెసీ బుడాపెస్టులో జన్మించాడు. 1908లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1911లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డు ఆయనకు సీసం నుండి రేడియం-డి ని వేరుచేసే పని అప్పగించాడు. ఎంత శ్రమించినా అది సాధ్యపడలేదు. రేడియం-డి కూడా సీసపు ఐసోటోపే కనుక రసాయనికంగా విడదీయుట అసాధ్యమని తరువాత తేలింది. వేరుచేయలేని ఆ పదార్థాన్నే సీసానికి గుర్తుగా వాడవచ్చునని హెవెసీ గ్రహించాడు. 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి ఆ పద్ధతిని నిరూపించాడు. భోజనశాలలో మిగిలిన మాంసాన్నే మరునాడు మళ్ళీ వడ్డిస్తున్నారని అనుమానించి, అందులో రేడియోధార్మిక పదార్థం కలిపి పట్టుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

1923లో కోపెన్‌హాగెన్‌లో కోస్టర్‌తో కలిసి హాఫ్నియం మూలకాన్ని కనుగొన్నాడు. 1926లో ఫ్రైబర్గ్‌లో ఆచార్యుడైనా, యూదు వంశీయుడు కావడం వలన నాజీల పాలనలో అక్కడ నిలువలేక 1934లో తిరిగి కోపెన్‌హాగెన్ చేరాడు. 1940లో జర్మను సేనలు ఆ నగరాన్ని ఆక్రమించినపుడు లావే, ఫ్రాంక్‌ల నోబెల్ బంగారు పతకాలు వారి చేతికి చిక్కకుండా ద్రవరాజంలో కరిగించి దాచాడు. యుద్ధానంతరం ఆ బంగారంతోనే పతకాలను మళ్ళీ పోతపోశారు. 1943లో ఆయన స్వీడనుకు తప్పించుకొన్నాడు. ఫ్రైబర్గ్‌లో మరణించాడు.

ఎముకలపై పరిశోధన

పెరుగుదల ఆగిన ఎముక మార్పులేని కట్టడమని అప్పట్లో చాలామంది భావన. 1935లో హెవెసీ, కీవిట్జ్ ఎలుకలకు రేడియోధార్మిక భాస్వరం (భాస్వరం-32) తినిపించి, అది ఎముకలలో చేరి కొంతకాలానికి తిరిగి బయటకు పోతున్నదని చూపారు. ఎలుక శరీరంలో ఒక భాస్వరపు పరమాణువు సగటున రెండు నెలలు ఉంటుందని లెక్కకట్టారు. అనగా ఎముక నిరంతరం కరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం.

గుర్రాల కుంటితనం

భాస్వరం-32 వెలువరించే బీటా కిరణాలు శరీరం దాటి రావు కనుక దానితో బయటినుండి చిత్రం తీయలేము. గామా కిరణాలనిచ్చే టెక్నీషియం-99ఎమ్ ను ఫాస్ఫేటు సమ్మేళనాలకు జతచేసే పద్ధతి 1971లో వచ్చాక ఆ కొరత తీరింది. పందెపు గుర్రాలకు పరుగుల ఒత్తిడి వలన జంఘాస్థిలోను, కటి ఎముకలలోను సన్నని పగుళ్ళు ఏర్పడుతాయి. మొదటి రోజులలో ఇవి ఎక్స్‌రేలో తరచు కనబడవు. గమనించక మళ్ళీ పరుగెత్తిస్తే ఎముక పూర్తిగా విరిగి గుర్రాన్ని చంపవలసిన స్థితి రావచ్చు. స్కాన్‌లో మందు నరానికి ఎక్కించి, రెండు మూడు గంటల తరువాత గుర్రానికి మగతనిచ్చి, నిలబెట్టే గామా కెమెరాతో చిత్రాలు తీస్తారు. ఎముక చురుకుగా కట్టుకుంటున్న చోట మందు ఎక్కువగా చేరి ప్రకాశవంతంగా కనబడుతుంది. ఆ చోటు పగులా, కీళ్ళవాపా, కేవలం శిక్షణ వలన కలిగిన మార్పా అన్నది స్కాన్ ఒక్కటే చెప్పలేదు. అందుకు ఎక్స్‌రే, కాలి పరీక్ష తోడు కావాలి. టెక్నీషియం అర్ధాయువు ఆరు గంటలు. ఒక రోజుకు పదహారో వంతు మిగులుతుంది, మూత్రంలో కూడా కొంత పోతుంది. అందువలన గుర్రాన్ని అంతవరకు వేరే శాలలో ఉంచి, దాని కింది గడ్డిని ప్రత్యేకంగా తొలగిస్తారు.