నీరు పల్లమెరుగు

నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. అయితే నేడు హైదరాబాదు కుళాయిల్లో పడే నీటిలో ఎక్కువ భాగం పల్లానికి జారి వచ్చినది కాదు, ఎత్తుకు తోడి తెచ్చినది. గోల్కొండ మంత్రి మాదన్న పేరు మోస్తున్న మన మాదన్నపేటలో బిందె నింపుకొనే ప్రతి ఇల్లాలూ ఈ సంగతి తెలుసుకోవాలి. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఇంజనీరు జీవితం మనకు తోడ్పడుతుంది. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. పూర్వీకులది మోక్షగుండం గ్రామం. చిన్న వయసులోనే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పి సంపాదించుకొంటూ బెంగుళూరులో చదివారు. తరువాత పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

అక్కడ ఆయన చేసిన రెండు పనులు గమనించండి. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి, నీరు నిండగానే వాటంతట అవే తెరుచుకొనే తలుపులు అమర్చారు. కట్ట ఎత్తు పెంచకుండానే అదనంగా నీరు నిలిచింది. రెండవది, దక్కను కాలువల కింద పొలాలను బ్లాకులుగా విభజించి వంతులవారీగా నీరు పంచే పద్ధతి. కాలువ మొదట్లో ఉన్నవారే తోడుకొంటే చివరివారికి ఏం మిగులుతుంది? మొదట రైతులు వ్యతిరేకించినా ఆయన ఓపికగా నచ్చజెప్పారు. ఉన్నదాన్ని వృథా చేయకుండా నిలుపుకోవడం, నలుగురికీ పంచడం: ఈ రెండే ఆయన పనిలోని సారం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు పోయాయి. అప్పటికి కొలువు విరమించి విదేశాల్లో ఉన్న విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో ఆయన వచ్చి నదిని, వాన లెక్కలను పరిశీలించారు. నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని, నగరానికి భూగర్భ మురుగు కాలువలు వేయాలని సూచించారు. ఆ తరువాత ఇతర ఇంజనీర్ల చేతుల మీదుగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

వరదను ఆపిన ఆ నీరే తాగునీరైంది. ఈ చెరువులు నగరం కంటే ఎత్తున ఉన్నాయి. అందుచేత ఉస్మాన్‌సాగర్ నీరు ఆసిఫ్‌నగర్‌కు, హిమాయత్‌సాగర్ నీరు మీరాలంకు వాలు వెంట తానే నడిచివచ్చింది. మోటారు లేదు, బొగ్గు లేదు, పొగ లేదు.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకొన్నారు. నిండు నూరేళ్ళు బ్రతికి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన్ని పర్యావరణవాది అని చెప్పడం సత్యం కాదు. ఫ్యాక్టరీలు రావాలని గట్టిగా కోరినవారాయన. కాని లెక్క చూడకుండా ఏ పనీ చేయలేదు. ఆ లెక్కే ఇప్పుడు మనకు కావాలి.

నగరం పెరిగింది, ఆ రెండు చెరువులూ చాలలేదు. మంజీర నీరు వచ్చింది. 2004 నుండి కృష్ణ నీరు, ఆ తరువాత గోదావరి నీరు వందకు పైగా కిలోమీటర్ల దూరం నుండి వస్తున్నాయి. నాగార్జునసాగర్ నిండుమట్టం సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కృష్ణ నీటిని 300 మీటర్లకు పైగా ఎక్కించాలి. వెయ్యి లీటర్లు అంత ఎత్తు ఎక్కాలంటే, పంపులో పోయే నష్టంతో కలిపి, ఒక యూనిట్ కరెంటుకు తగ్గదు. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు కాల్చి తీసేదే గదా. ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కడానికి ఈ వాయువే ముఖ్య కారణం.

2021 జనవరిలో నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. పేదలకు అది మేలే. అయితే ఉచితం అన్నది మన జేబుకు మాత్రమే. కృష్ణ నుండి అంత నీరు ఎక్కితే 20 యూనిట్లు, 14 కిలోల వాయువు. అందులో నాలుగో వంతు పొదుపు చేసినా నెలకు మూడున్నర కిలోలు తగ్గుతుంది. ఒక్క ఇంటికి ఇది స్వల్పమే. వీధి మొత్తం చేస్తే స్వల్పం కాదు.

కనుక మన ఇళ్ళలో ఏం చేద్దాం? కారే కుళాయి కింద ఒక గంట చెంబు పెట్టి చూడండి, నష్టమెంతో మీకే తెలుస్తుంది. వాషర్ మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. మిద్దె మీద ట్యాంకు పొంగేదాకా మోటారు వదిలేయకండి. బండిని పైపుతో గాక ఒక బకెట్టు నీటితో, తడిబట్టతో తుడవండి. ఫిల్టరు యంత్రం బయటికి వదిలే నీటిని పట్టి ఇల్లు తుడవడానికి వాడండి. బియ్యం కడిగిన నీరు మొక్కలకు పోయండి. గీజరులో ఒక బకెట్టు స్నానపు నీరు కాగడానికి పట్టే కరెంటుతో 300 లీటర్ల కృష్ణ నీరు ఎక్కించవచ్చు. వేసవిలో గీజరు ఎందుకు? స్థలమున్నవారు ఇంకుడు గుంత తవ్వండి. మన కప్పు మీద పడిన వానకు ఏ పంపూ అవసరం లేదు.

మరొక్క మాట. నల్లా లైనుకే మోటారు బిగించి లాగే ఇళ్ళున్నాయి. అలా చేస్తే సందు చివరి ఇంట్లో బిందె నిండదు. ఆ తల్లి ట్యాంకరు కోసం ఎండలో నిలబడాలి. ట్యాంకరు డీజిలు కాల్చుకొంటూ రావాలి. కాలువ చివరి రైతును మరువని విశ్వేశ్వరయ్య దీన్ని ఒప్పుకొనేవారు కాదు.

ఈ వారం పిల్లలను కూర్చోబెట్టుకొని, ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్లు వాడుతున్నారో ఒక కాగితం మీద రాయించండి. వచ్చే నెలలో ఆ అంకెను మళ్ళీ చూడండి.