జగద్గురువు పదవి వద్దన్న తెలుగు బిడ్డ

నాన్నగారి బదిలీతో ఊరు మారడం, కొత్త బడిలో పలకరించేవాళ్ళు లేక చివరి బల్ల మీద కూర్చోవడం తిల్దా వచ్చిన మనలో చాలామందికి తెలిసిన సంగతే. జిడ్డు కృష్ణమూర్తి గారి బాల్యం కూడా అలాగే గడిచింది. 1895 మే నెలలో, అప్పటి కడప జిల్లా మదనపల్లెలో ఆయన పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తర్వాత తాసీల్దారు. కడప, కదిరి అంటూ ఎక్కడికి బదిలీ అయితే కుటుంబం అక్కడికి వెళ్ళేది.

రెండేళ్ళ వయసులో పట్టుకున్న మలేరియా కృష్ణను చాలాకాలం వదల్లేదు. బడికి సరిగా వెళ్ళలేకపోయాడు, చదువు అబ్బలేదు. పలకా బలపం లేని పిల్లవాడు కనిపిస్తే తనవి ఇచ్చేసి చేతులూపుకుంటూ ఇంటికి వచ్చేవాడు. ఒకసారి ఇంట్లో గడియారం విప్పాడు. అది ఎలా నడుస్తుందో తెలుసుకొని మళ్ళీ బిగించేదాకా బడికి వెళ్ళలేదు, అన్నానికీ లేవలేదు. మందబుద్ధి అని మాస్టర్లు అనుకున్న పిల్లవాడిలో ఇంత పట్టుదల ఉందని ఎవరూ గమనించినట్టు లేదు. 1905లో తల్లి సంజీవమ్మ గారు చనిపోయారు.

తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత, 1909లో, మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరారు. మైలాపూరు బడిలో కృష్ణకు రోజూ బెత్తం దెబ్బలే. అదే ఏడాది అడయారు సముద్రతీరంలో ఆ బక్కపలచని కుర్రవాణ్ణి లెడ్‌బీటర్ అనే సమాజ నాయకుడు చూశారు. లోకానికి రాబోయే జగద్గురువు ఈ పిల్లవాడి ద్వారానే మాట్లాడతాడని ప్రకటించారు. సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ గారూ నమ్మారు. 1911లో అతన్ని అధిపతిగా పెట్టి ఒక నక్షత్ర సంఘం స్థాపించారు. అప్పటికి అతనికి పదహారేళ్ళు! మనం ఆ వయసులో తరగతి లీడరుగా నిలబడాలన్నా వెనకాడతాం.

ఆ ఏడాదే కృష్ణను, తమ్ముడు నిత్యానందాన్ని ఇంగ్లండు తీసుకెళ్ళారు. పిల్లల్ని తనకు అప్పగించాలని తండ్రి దావా వేశారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రివైపు తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. అన్నదమ్ములు అక్కడే ఉండిపోయారు. కృష్ణ మెట్రిక్యులేషన్ పలుమార్లు తప్పాడు, తమ్ముడు మాత్రం న్యాయశాస్త్రం చదివాడు. జనం తనను వింతగా చూడటం, వేదిక ఎక్కి మాట్లాడాల్సి రావడం కృష్ణకు ఇబ్బందిగా ఉండేవి. ఈ పాత్ర తనకు వద్దన్న విసుగు అతని ఉత్తరాల్లో కనిపిస్తుంది. పరాయి దేశంలో పెరగడంతో తెలుగు కూడా పూర్తిగా మరిచిపోయాడు. ఈ తెలుగు పేజీలు చదువుతున్న మనకు ఆ సంగతి కాస్త గుచ్చుకుంటుంది.

నిత్యకు క్షయ సోకింది. కాలిఫోర్నియాలోని ఓహైలో ఉంచి వైద్యం చేయించారు. 1925లో కృష్ణమూర్తి ఓడలో భారతదేశం వస్తున్నారు. తమ్ముడికి ఏమీ కాదని, మహాత్ములు కాపాడతారని చుట్టూ ఉన్న పెద్దలు చెప్పారు, ఆయన నమ్మారు. నవంబరు 13న నిత్య పోయాడు. ఆ వార్త సముద్రం మీదే తంతిగా అందింది. రోజుల తరబడి కుమిలిపోయారు. అంతవరకు ఇతరులు చెప్పినదాన్ని మోస్తూ వచ్చిన మనిషి ఆ తర్వాత ప్రతిదాన్నీ తానే పరిశీలించడం మొదలుపెట్టారు. మాటలో తడబాటు తగ్గింది. ఆయన జీవితంలో అసలు మలుపు సముద్రతీరంలో కాదు, ఈ ఓడలోనే వచ్చిందని మాకనిపిస్తుంది.

1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో నక్షత్ర సంఘం శిబిరం జరిగింది. 3,000 మందికి పైగా వచ్చారు. తల్లిలా పెంచిన అనీబిసెంట్ గారు ఎదురుగా ఉన్నారు. సంఘాన్ని రద్దు చేస్తున్నానని కృష్ణమూర్తి ప్రకటించారు. సత్యాన్ని ఏ సంఘమూ, ఏ గురువూ చేతికి అందించలేరని, తనకు శిష్యులు అక్కరలేదని చెప్పారు. సంఘానికి దానంగా వచ్చిన కోటనూ భూములనూ దాతలకు తిరిగి ఇప్పించారు. పదవి కోసం పోట్లాడినవాళ్ళ కథలు మనం చరిత్ర పుస్తకాల్లో బోలెడు చదువుతాం. చేతిలో ఉన్న పదవిని ఇలా వదిలేసినవాళ్ళు అరుదు. అనీబిసెంట్ గారి మనసు నొచ్చుకుంది. అయినా ఆయన మీద ప్రేమ తగ్గలేదు.

చిత్రమేమిటంటే, నాయకత్వం వదిలాకే ఆయన మాట ఎక్కువమందికి చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా దేశదేశాలు తిరిగి, కాగితం చూడకుండా మాట్లాడారు. బెత్తం దెబ్బలు తిన్న ఆ పిల్లవాడే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ, వారణాసిలో రాజ్‌ఘాట్, ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్కు బడులు నెలకొల్పారు. భయపెట్టి నేర్పే చదువు చదువే కాదని అక్కడి ఉపాధ్యాయులకు పదే పదే చెప్పేవారు.

1986 జనవరి 4న మద్రాసులో చివరి ప్రసంగం చేశారు. ఫిబ్రవరి 17న, తొంభై ఏళ్ళ వయసులో, తమ్ముడు పోయిన ఓహైలోనే కన్నుమూశారు. తన తర్వాత తన పేరున మాట్లాడే వారసులెవరూ ఉండరని ముందే చెప్పి ఉంచారు.