డాక్టర్ వర్జీనియా ఆప్గార్

తల్లి కడుపు నుండి వెలువడిన బిడ్డ కేరుమని ఏడ్చినగాని పురిటింట ఎవరికిని ఊపిరి ఆడదు. ఆ ఏడుపు వినరానప్పుడు ఏమి చేయవలెనో, ఎవరు చేయవలెనో, ఇరువదవ శతాబ్దము నడుమ వరకును పెద్ద ఆసుపత్రులలో సైతము ఒక నియమము లేకుండెను. వైద్యుల దృష్టి తల్లిపైననే నిలిచియుండెడిది. నీలివన్నెకు తిరిగి, మెదలక పడియున్న శిశువును బ్రతుకదని విడిచిపెట్టుటయు కలదు. ఈ ఉపేక్షను మాన్పించిన వనిత వర్జీనియా ఆప్గార్.

ఆమె 1909 జూన్ 7న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, వెస్ట్‌ఫీల్డ్ పట్టణమున జన్మించెను. అన్నలలో ఒకడు చిన్ననాటనే క్షయకు బలియయ్యెను, మరియొకడు దీర్ఘరోగి. ఇంట రోగమును చూచుచు పెరిగిన బాలిక వైద్యవిద్యను కోరుటలో వింత లేదు. మౌంట్ హోల్యోక్ కళాశాలలో జంతుశాస్త్రము చదువునప్పుడు ఖర్చులకై ఆమె చేసిన చిల్లర పనులలో ప్రయోగశాలకు పిల్లులను పట్టి తెచ్చుట యొకటి. 1933లో కొలంబియా వైద్య కళాశాల నుండి నాలుగవ స్థానమున ఉత్తీర్ణురాలై, శస్త్రవైద్యమున ప్రవేశించెను. స్త్రీకి ఆ వృత్తిలో జీవనము కష్టమని తలచి ఆచార్యుడు ఆలెన్ విపుల్ ఆమెను మత్తుమందు శాస్త్రమునకు మరల్చెను. ఆనాడది చాలవరకు నర్సులు చేయు పని. 1938లో ఆమె ఆ విభాగమునకు అధికారిణి యయ్యెను. 1949లో అది ప్రత్యేక శాఖగా ఏర్పడగా అధ్యక్షపదవి వేరొకరికి దక్కెను. ఆ కళాశాలలో పూర్ణాచార్య పదవి నందిన తొలి మహిళయను ఖ్యాతి మాత్రము ఆమెకు మిగిలెను. ఇది అన్యాయమే. కాని కార్యాలయపు కాగితముల బరువు తప్పిన ఆమె పురిటిగదివైపు నడచెను.

అప్పుడే పుట్టిన బిడ్డ స్థితిని గుర్తించుట ఎట్లని ఒక విద్యార్థి భోజనశాలలో అడుగగా, చేతికందిన కాగితముపై ఆమె అయిదు అంశములు వ్రాసి యిచ్చెనని చెప్పుదురు. అవి గుండె వేగము, శ్వాస, కండరముల బిగువు, తాకిడికి స్పందన, దేహపు రంగు. ఒక్కొక్కదానికి సున్న, ఒకటి, రెండు మార్కులు, మొత్తము పది. గుండె నిమిషమునకు నూరుసార్లకు మించి కొట్టుకొన్నచో రెండు, తగ్గినచో ఒకటి, లేనిచో సున్న. ఒడలంతయు గులాబివన్నెయైనచో రెండు. కాళ్ళుచేతులు మాత్రము నీలమైనచో ఒకటి. పుట్టిన నిమిషమునకు ఈ లెక్క వేయవలెను. ఈ పద్ధతిని 1952లో సభలో వినిపించి, 1953లో ప్రకటించెను. అయిదవ నిమిషమున మరల చూచుట తరువాత చేరినది.

ఇందు యంత్రము లేదు, ఖర్చు లేదు. అయినను మార్కులు వేయవలసివచ్చుటచేత ఎవరో ఒకరు బిడ్డవంక చూడక తప్పలేదు. మార్కు తగ్గినచోట ప్రాణవాయువు నందించుటకు చేయి కదలెను. ఇచట తక్కువ మార్కులు వచ్చిన బిడ్డ తప్పినట్లు కాదు. గురువు ముందుగా పోవలసినది ఆ బిడ్డ యొద్దకే. ఊపిరి లేని శిశువునకు మార్కుకై నిమిషము వేచియుండరాదనియు, ఈ లెక్కతో భావిజీవితమునకు జోస్యము చెప్పరాదనియు నేటి వైద్యుల నిర్ణయము. డంకన్ హాలడే, స్టాన్లీ జేమ్స్ అను సహచరులతో కూడి ఆమె శిశువుల రక్తమును పరీక్షించి, తక్కువ మార్కుల వారిలో ప్రాణవాయువు కొరవడి ఆమ్లము హెచ్చుటను చూపెను. తల్లికిచ్చు సైక్లోప్రొపేన్ అను మత్తుమందు బిడ్డను క్రుంగదీయుట బయటపడినది. మత్తువైద్యురాలు తన శాస్త్రపు మందునే తప్పుపట్టుటకు సాహసము కావలెను.

1959లో, యాబదవ యేట, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ప్రజారోగ్య పట్టము నొంది, పుట్టుక లోపముల నివారణకై మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి తుదివరకు పనిచేసెను. దారిలో ఎవరికైన ఊపిరి ఆగునేమోయని చిన్న కత్తియు గొట్టమును వెంట నుంచుకొనెడిది.

తంత్రీవాద్యములన్న ఆమెకు ప్రాణము. వాయించుటయే కాదు, చేయుటయు నేర్చెను. ఆసుపత్రిలోని టెలిఫోను గదిలో ఒక మేపుల్ పలక వాద్యమునకు తగినదని తోచినది. అధికారులు ఇయ్యరైరి. ఒక రాత్రి ఆప్గార్ కాపలా కాయగా, వాద్యనిర్మాణము నేర్పిన కార్లీన్ హచిన్స్ దానిని తీసి వేరొక పలక నమర్చెను!

ఆమె 1974 ఆగస్టు 7న మరణించెను. 1994లో అమెరికా ప్రభుత్వము ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వెలువరించినప్పుడు, శిశువైద్యుల సభలో ఆమె స్వయముగా చేసిన వాద్యములపై ఆమెకు ప్రీతియైన సంగీతమును వినిపించిరి.